సెగను కొలవడం ఎలా: ఓ అల్యూమినియం పలక, ఓ స్టాప్‌వాచ్ చాలు

ఇటుక బట్టీ నోటికి ఎదురుగా రెండు మీటర్ల దూరంలో నిలబడితే ముఖం చురుక్కుమంటుంది, వీపు మాత్రం మామూలుగానే ఉంటుంది. అక్కడి గాలి ముందూ వెనకా దాదాపు ఒకే వేడి మీద ఉంటుంది కాబట్టి మామూలు థర్మామీటరు ఈ తేడాను సరిగ్గా చెప్పలేదు. ముఖానికి తగిలేది గాలి వేడి కాదు, మంట నుంచి కాంతి లాగే నేరుగా వచ్చే ఉష్ణ వికిరణం, అంటే సెగ. దీన్ని డిగ్రీల్లో కొలవరు. ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎంత శక్తి పడుతోందో చూసి, చదరపు మీటరుకు ఇన్ని వాట్లు అని చెబుతారు.

ఇందుకు ఎండను కొలిచే పైరానోమీటర్లు, సెగను కొలిచే హీట్ ఫ్లక్స్ మీటర్లు ఉన్నాయి. ఖరీదు ఎక్కువ. డిప్లొమా, బీటెక్ పిల్లల ప్రాజెక్టుకు గానీ, కోళ్ల షెడ్డు రేకుల కింద ఎంత సెగ దిగుతోందో తెలుసుకోవడానికి గానీ అంత ఖర్చు అక్కర్లేదు. నల్లరంగు వేసిన చిన్న అల్యూమినియం పలక మీద సెగ పడనిచ్చి, అది ఎంత వేగంగా వేడెక్కుతోందో చూస్తే చాలు. చివరికి ఎంత వేడెక్కింది అన్నది కాదు, మొదటి అర నిమిషంలో ఎంత వేగంగా ఎక్కింది అన్నదే అసలు లెక్క. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలికే. జాగ్రత్తగా చేస్తే పది శాతం అటూ ఇటూగా సరైన విలువే వస్తుంది.

పలక తయారీ

2 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం షీటు ముక్క తీసుకోండి. తలుపులు, కిటికీలు చేసే షాపులో తుక్కు కింద పడేసినవి దొరుకుతాయి. 5 సెంటీమీటర్ల చదరంగా కోయించి, అంచులు ఆకురాయితో నున్నగా చేయండి. ఇంతకంటే మందమైతే నెమ్మదిగా వేడెక్కుతుంది, పల్చనైతే చిన్న గాలికే చల్లబడిపోతుంది.

వెనకవైపు సరిగ్గా మధ్యలో డ్రిల్లుతో చిన్న గుంట పెట్టండి. అవతలికి రంధ్రం పడకూడదు. కె-టైపు థర్మోకపుల్ (రెండు రకాల లోహపు తీగల కొసలు కలిపి చేసిన, వేడిని కొలిచే వైరు) కొసన ఉండే గుండును ఆ గుంటలో కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న లోహాన్ని పంచ్‌తో మెల్లగా కొట్టి దాని మీదికి నొక్కేయండి. చాలామంది ఇక్కడ బంకతోనో టేపుతోనో సరిపెడతారు. అలా చేస్తే గుండుకూ పలకకూ మధ్య సన్నటి సందు మిగులుతుంది, మీటరు పలక వేడిని కొన్ని సెకన్లు ఆలస్యంగా చూపిస్తుంది. మన పనంతా సెకన్లతోనే కాబట్టి ఇక్కడ బద్ధకించకండి. థర్మోకపుల్ పెట్టుకునే వీలున్న మల్టీమీటరు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది. పదో వంతు డిగ్రీ చూపించేదైతే మంచిది. ఒక్కో డిగ్రీ మాత్రమే చూపించేదైనా పరవాలేదు, దానికి ఉపాయం ఉంది, కింద చెబుతాను.

ముందువైపు రంగు. బైకు సైలెన్సర్లకు వేసే నల్లటి మ్యాట్ స్ప్రే తెచ్చి పల్చగా రెండు పూతలు కొట్టండి. మెరిసే నలుపు వద్దు. మ్యాట్ నలుపు తన మీద పడ్డ వికిరణంలో సుమారు 95 శాతం పీల్చుకుంటుంది. దీపం మసి పట్టించవచ్చు కదా అంటారు కొందరు. కంటికి నల్లగానే కనిపిస్తుంది గానీ, పొర పల్చగా ఉంటే మసి గుండా పరారుణ కిరణాలు కొంత దూసుకుపోతాయి. చెయ్యి తగిలితే ఊడిపోతుంది కూడా.

రంగు పూర్తిగా ఆరాక పలకను తూచండి. కూరగాయల కాటా పనికిరాదు, బంగారు కొట్టుకు వెళ్లండి. వైరు బరువు కాటా మీద పడకుండా పైకి పట్టుకోండి. లెక్క ప్రకారం 13.5 గ్రాములకు దగ్గరగా రావాలి.

ఇక గూడు. పలక కంటే కాస్త పెద్ద చెక్క పెట్టెలో థర్మోకోల్ పరిచి, పలక నల్లటి ముఖం మాత్రమే బయటికి కనిపించేలా అమర్చండి. బట్టీ దగ్గరికి తీసుకెళ్లేటట్టయితే థర్మోకోల్ వద్దు, కరిగిపోతుంది. రైస్‌మిల్లు బాయిలరు పైపులకు చుట్టే గ్లాస్ ఊల్ ముక్క అడిగి తెచ్చుకోండి, తాకేటప్పుడు చేతికి గ్లవుజులు ఉండాలి. కోనసీమలో చవగ్గా దొరుకుతుంది కదా అని కొబ్బరి పొట్టు నింపకండి. మన గాలిలోని తేమనంతా అది పట్టేస్తుంది, ఆ తేమ ఆవిరవుతూ పలక వేడిని లాగేస్తుంది. పైగా నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. పెట్టె బయట, పలక చుట్టూ ఉన్న అంచు మీద వంటింటి అల్యూమినియం ఫాయిల్ అతికించండి. చివరగా ఓ అట్టకు రెండువైపులా ఫాయిల్ చుట్టి మూత చేసుకోండి. ఇది పలకకు ఆనకుండా నాలుగు వేళ్ల ఎత్తులో ఉండాలి.

లెక్క

అల్యూమినియం విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి సుమారు 900 జౌళ్లు. 13.5 గ్రాముల పలక ఒక డిగ్రీ వేడెక్కాలంటే 12.15 జౌళ్లు కావాలి. ముఖం విస్తీర్ణం 0.0025 చదరపు మీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 4860. ఇదే మీ పలక అంకె, పెట్టె మీద స్కెచ్ పెన్నుతో రాసిపెట్టండి. మీ పలక బరువు వేరైతే ఈ అంకె కూడా మారుతుంది.

పలక సెకనుకు ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూసి, దాన్ని 4860తో గుణించి, 0.95తో భాగిస్తే చదరపు మీటరుకు ఎన్ని వాట్లు పడుతున్నాయో వచ్చేస్తుంది.

ఇప్పుడు ఒక్కో డిగ్రీ చూపించే మీటరుకు ఉపాయం. మీటరునూ, స్టాప్‌వాచ్ నడుస్తున్న మరో ఫోనునూ పక్కపక్కన పెట్టి వీడియో తీయండి. తర్వాత తీరిగ్గా చూస్తూ అంకె మారిన క్షణాలు మాత్రమే రాసుకోండి. 36 నుంచి 37కు మారిన క్షణం మీటరుకు కచ్చితంగా తెలుసు, మధ్యలో ఏముందో దానికి తెలియదు.

ఎండలో మొదటి పరీక్ష

కొత్త పరికరాన్ని ఎండలోనే పరీక్షించండి, ఎందుకంటే ఎండ విలువ మనకు ముందే సుమారుగా తెలుసు. వాతావరణం పైన, సూర్యుడికి ఎదురుగా ఉన్న చదరపు మీటరు మీద సగటున 1361 వాట్లు పడతాయి. మబ్బులేని మిట్టమధ్యాహ్నం నేలకు చేరేసరికి అది 800 నుంచి 1000 మధ్య ఉంటుంది. మన వైపు ఉక్క, మసక ఎక్కువ కాబట్టి 1000 కంటే కాస్త తక్కువే ఆశించండి.

ఇందులో మన గోదావరి డెల్టా వాళ్లకు రెండు సౌకర్యాలున్నాయి. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. అమలాపురం దానికి అర డిగ్రీ పడమర, అంటే రెండు నిమిషాల తేడా. అందుకే ఇక్కడ గడియారం పన్నెండు కొట్టడానికీ సూర్యుడు నడినెత్తికి రావడానికీ, ఏడాదిలో ఏ రోజు చూసినా, పావుగంటకు మించి పెద్దగా తేడా ఉండదు. రెండోది, మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీద ఉంటాడు. ఆగస్టులో ఎలాగూ మబ్బులు, మే నెలే నయం. ఆ రోజుల్లో పలకను నేల మీద సమంగా పెడితే చాలు. మిగతా రోజుల్లో పెట్టె అంచున ఓ మేకు నిటారుగా కొట్టి, దాని నీడ మాయమయ్యేదాకా పెట్టెను వంచండి. నీడ లేదంటే పలక సూర్యుడికి నేరుగా ఎదురుగా ఉన్నట్టే.

పెట్టెను మూత వేసి, నీడలో, పలక గాలి వేడికి వచ్చేదాకా ఉంచండి. ఎండలో పెట్టి మూత తీయండి. పది డిగ్రీలు పెరిగే వరకు వీడియో తీసి, మూత వేసేయండి. ఇప్పుడు వెంటనే ఆపకండి. మూత కింద పలక చల్లబడటాన్ని కూడా ఒకటి రెండు నిమిషాలు తీయండి.

ఎందుకో ఈ ఉదాహరణ చూడండి. గాలి 33 డిగ్రీలు. పలక 36 నుంచి 40కి పెరగడానికి 25 సెకన్లు పట్టింది, అంటే సెకనుకు 0.16. గుణించి భాగిస్తే సుమారు 819 వాట్లు. కానీ పలక గాలి కంటే వేడిగా ఉన్నంతసేపూ కొంత పోగొట్టుకుంటూనే ఉంది. మూత వేశాక 39 నుంచి 37కు దిగడానికి 120 సెకన్లు పట్టిందనుకుందాం, అది సెకనుకు 0.0167. పెరిగిన వేగం, తరిగిన వేగం రెండూ 38 డిగ్రీల దగ్గరవే కాబట్టి కలిపేయవచ్చు, మొత్తం 0.1767. ఇప్పుడు లెక్క వేస్తే సుమారు 904 వాట్లు. పది శాతం తేడా ఊరికే కలిసొచ్చింది. తరుగుదల కలపకుండా రిపోర్టు రాసేవాళ్లను చూస్తే జాలేస్తుంది, సగం పని చేసి వదిలేసినట్టే.

మీకు 500 వచ్చిందంటే థర్మోకపుల్ సరిగా కూర్చోలేదు, లేదా పైన పల్చటి మబ్బు ఉంది. 1300 వచ్చిందంటే బరువో, విస్తీర్ణమో తప్పు రాశారు. ఉదయం పది నుంచి పన్నెండున్నర మధ్య పని ముగించుకోండి. మధ్యాహ్నం దాటి సముద్రం మీంచి పైరగాలి మొదలైందంటే తరుగుదల నిమిషానికో రకంగా ఉంటుంది. గాలి తప్పనిసరి అయితే పెట్టె మీద పల్చటి పాలిథిన్ కవరు బిగించండి. గాజు బిగించకండి. ఎండకు గాజు అడ్డం కాదు గానీ, రేకులు, వేడి గోడలు, మరిగే డబ్బా లాంటి వాటి సెగను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, మంట సెగలోనూ కొంత మింగేస్తుంది. పల్చటి పాలిథిన్ దాన్ని చాలావరకు వదులుతుంది. గాలి లేనప్పుడు కవరుతో ఒకసారి, కవరు లేకుండా ఒకసారి కొలిచి, ఆ నిష్పత్తి రాసిపెట్టుకుంటే తర్వాత సరిచేసుకోవచ్చు.

నూనె డబ్బాతో రెండో పరీక్ష

15 కిలోల చదరపు నూనె డబ్బా తీసుకుని ఒక పక్కకు పలకకు వేసిన నల్లరంగే వేయండి, ఎదురు పక్కకు అల్యూమినియం ఫాయిల్ గట్టిగా అతికించండి. ముప్పావు వంతు నీళ్లు పోసి స్టవ్ మీద మరిగించండి. డబ్బా మూత తెరిచే ఉండాలి, బిగిస్తే ఆవిరికి పేలుతుంది. మన నేల సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, వేరే థర్మామీటరు అక్కర్లేదు. స్టవ్ ఆపి, పలకను నల్లటి పక్కకు ఎదురుగా 5 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టండి. గది 30 డిగ్రీలుంటే మొదటి నిమిషంలో 5 నుంచి 6 డిగ్రీలు పెరగాలి. ఫాయిల్ పక్కకు తిప్పితే ఒక డిగ్రీ పెరిగితే గొప్ప. రెండు పక్కలా నీళ్లు ఒకటే, వేడి ఒకటే. అయినా సెగ అంత తేడా. 1804లో జాన్ లెస్లీ చూపించిన ప్రయోగం ఇదే, కాలేజీ ల్యాబుల్లో లెస్లీ ఘనం పేరుతో ఉంటుంది. ఒక వస్తువు, తన మీద పడ్డ సెగనంతా పీల్చుకునే ఆదర్శ కృష్ణ వస్తువుతో పోలిస్తే ఎంత వంతు సెగ వెదజల్లుతుందో చెప్పే అంకె ఉద్గారత. మ్యాట్ నలుపుకు 0.95 దాకా, మెరిసే ఫాయిల్‌కు 0.05 దరిదాపుల్లో ఉంటుంది.

బట్టీ దగ్గర

ముందుగా బట్టీ మేస్త్రిని అడిగి, ఆయన చూపించిన వైపు నుంచే వెళ్లండి. నైలాన్ చొక్కా వద్దు, నూలుదే వేసుకోండి. పరికరాన్ని చేత్తో పట్టుకోవద్దు, స్టూలు మీద పెట్టి, మూతకు పురికొస కట్టి దూరం నుంచి లాగండి. సెగ ఎంత ఉంటే ఎంతసేపట్లో ఒళ్లు మండుతుందో చమురు, గ్యాస్ పరిశ్రమ వాళ్లు వాడే అంకెలున్నాయి. చదరపు మీటరుకు 1700 వాట్ల దగ్గర నిమిషానికి, 2900 దగ్గర అర నిమిషానికి, 4700 దగ్గర 16 సెకన్లకు నొప్పి తెలుస్తుంది. కాబట్టి దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రండి.

వెళ్లే ముందే ఎంత రావచ్చో కాగితం మీద వేసుకోండి. లోపల 900 డిగ్రీల వేడి ఉందనుకుందాం, అంటే 1173 కెల్విన్లు. స్టెఫాన్ 1879లో ప్రయోగాల ఆధారంగా చెప్పి, బోల్ట్‌జ్‌మన్ 1884లో సిద్ధాంతపరంగా రాబట్టిన సూత్రం ప్రకారం, ఆ కెల్విన్ల అంకెను నాలుగుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించి (అంటే నాలుగో ఘాతం), 5.67 × 10⁻⁸తో హెచ్చిస్తే చదరపు మీటరుకు సుమారు 1,07,000 వాట్లు. ఎర్రగా కాలిన బొరియలోకి ఉన్న చిన్న నోరు ఇంచుమించు కృష్ణ వస్తువే కాబట్టి ఉద్గారత 1 అనుకోవచ్చు. ఈ శక్తి ఒకే దిక్కున పోదు, ముందున్న అర్ధగోళమంతా పరుచుకుంటుంది. దాన్ని π విలువ 3.1416తో భాగిస్తే సుమారు 34,000. ఉష్ణ ప్రసరణ పాఠాల్లో వికిరణ తీవ్రత అని కచ్చితంగా పిలిచేది దీన్నే, చదరపు మీటరుకు, ఘనకోణం యూనిట్ అయిన స్టెరేడియన్‌కు ఇన్ని వాట్లని. పలక మీద పడేదాన్నీ దీన్నీ కలిపేసి రాసే ల్యాబ్ రికార్డులు ఎక్కువ. పలక మీద పడేది దూరంతో మారుతుంది, ఈ తీవ్రత మారదు.

నోరు 30 సెంటీమీటర్ల చదరం, అంటే 0.09 చదరపు మీటర్లు అయితే, తీవ్రతను దానితో గుణించి దూరం వర్గంతో భాగించండి. 1 మీటరు దగ్గర సుమారు 3000, 2 మీటర్ల దగ్గర 770, 3 మీటర్ల దగ్గర 340 వాట్లు వస్తాయి. చూశారా, రెండు మీటర్ల దగ్గర పడేది మే నెల ఎండ కంటే తక్కువే. ఒక్క మీటరు ముందుకు జరిగితే అర నిమిషం కూడా నిలబడలేం.

ఇప్పుడు కొలవండి. 3 మీటర్లు, 2 మీటర్లు, ఒకటిన్నర. 2 మీటర్ల దగ్గర సెకనుకు 0.15 డిగ్రీలు, 1 మీటరు దగ్గర 0.6 రావాలని పై లెక్క. ప్రతి దూరం దగ్గరా రెండు కొలతలు తీయండి. ఒకటి మామూలుగా. రెండోది ఫాయిల్ చుట్టిన చిన్న అట్టను మధ్యలో పెట్టి బట్టీ నోరు మాత్రమే పలకకు కనిపించకుండా చేసి. రెండో దాంట్లో వచ్చేదంతా వేడెక్కిన బట్టీ గోడలు, నేల, పగలైతే ఆకాశం నుంచి వచ్చింది. మొదటిదాంట్లోంచి తీసేస్తే నోటి నుంచి వచ్చిన సెగ మిగులుతుంది. చీకటి పడ్డాక కొలిస్తే ఎండ బెడద ఉండదు.

వచ్చిన ప్రతి విలువనూ దాని దూరం వర్గంతో గుణించి చూడండి. అన్నీ ఒకే అంకెకు దగ్గరగా ఉంటే విలోమ వర్గ నియమం పనిచేస్తోందన్నమాట. ఆ అంకెను నోటి విస్తీర్ణంతో భాగిస్తే మీరు కొలిచిన వికిరణ తీవ్రత వచ్చేస్తుంది. నోటికి వాలుగా నిలబడి కొలిస్తే ఆ కోణం కొసైన్‌తో కూడా భాగించాలి. మరీ దగ్గరికి వెళ్తే ఈ నియమం తప్పుతుంది, నోటి వెడల్పుకు మూడు నాలుగు రెట్లైనా దూరం ఉండాలి.

ఇదే నియమంతోనే గ్యాస్ మంటలకు ఎంత దూరం వదలాలో అంచనా వేస్తారు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి అదుపు తప్పి (బ్లోఅవుట్) అంటుకుని మార్చి మధ్య దాకా మండింది, కోనసీమలో ఆ తరం వాళ్లకు ఇప్పటికీ గుర్తే. అంత పెద్ద మంటైనా దూరం రెట్టింపైతే సెగ నాలుగో వంతుకు పడిపోతుంది. మీరు మాత్రం గ్యాస్ ఫ్లేర్ల దగ్గరికి ఈ పెట్టె పట్టుకుని వెళ్లకండి.

రేకుల కింద

మధ్యాహ్నం 65 డిగ్రీలకు కాలిన సిమెంటు రేకు, 33 డిగ్రీల గదిలోకి చదరపు మీటరుకు దాదాపు 220 వాట్లు నికరంగా దించుతుంది. పలకను మంచం ఎత్తులో పైకి చూసేలా పెడితే నిమిషానికి రెండున్నర డిగ్రీల దాకా పెరుగుతుంది. రేకు కింద తాటాకు పరిచి గానీ, పైన సున్నం కొట్టి గానీ, మళ్లీ అదే చోట, అలాంటి ఎండలోనే కొలవండి. కోళ్ల షెడ్డుకు ఏది గిట్టుబాటవుతుందో మీ అంకెలే చెబుతాయి. ఫ్యాను ఆపి కొలవాలి.

ఇక్కడే ఓ మాట. ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంది కదా, నొక్కితే సరిపోతుందిగా అంటారు. గన్ చెప్పేది రేకు వేడిని, మీ మీద పడే సెగను కాదు. పైగా చాలా గన్లు ఉద్గారత 0.95 అని ముందే అనుకుని లెక్క వేస్తాయి. మెరిసే కొత్త జింకు రేకు మీద పెడితే, చేయి పెట్టలేనంత కాలుతున్నా, చల్లటి ఆకాశపు ప్రతిబింబాన్ని చూసి తక్కువ చూపిస్తుంది. అలాంటి చోట నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, ఓ నిమిషం ఆగి, టేపు మీదే గురిపెట్టండి.

నోటు పుస్తకంలో ప్రతి కొలతకూ తేదీ, గంట, గాలి వేడి, గాలి ఉందా లేదా, దూరం, పలక వంపు, పెరిగిన వేగం, తరిగిన వేగం రాయండి. వాట్లు తర్వాతైనా లెక్క వేసుకోవచ్చు, ఇవి రాయకపోతే మళ్లీ దొరకవు. బట్టీ దుమ్ము పలక మీద తెల్లగా పేరుకుంటే మెత్తటి కుంచెతో దులపండి, నీళ్లతో కడగకండి. రంగు ఎక్కడైనా పెచ్చు లేస్తే మొత్తం గీకేసి కొత్తగా వేసి, మళ్లీ తూచి, పెట్టె మీద అంకె మార్చి రాయండి. ఆ తర్వాత ఒకసారి నూనె డబ్బా పరీక్ష చేశాకే మళ్లీ బయటికి తీసుకెళ్లండి.